పాదలేపము కరగినచోట: నాయకుని అంతస్సమస్యయు, ఇతివృత్తమును

మనుచరిత్రమును ఒక్కమారైన చదివినవారికి ప్రవరుని పాదలేపము గుర్తుండకపోదు. అరుణాస్పదపురమున నిత్యాగ్నిహోత్రియై, అతిథిపూజాపరుడై, గడప దాటి దూరదేశమునకు పోవుటకు వీలు లేక, ఇంటికి వచ్చిన తైర్థికుల నెల్ల ఆయా క్షేత్రముల విశేషము లడిగి తెలిసికొనుచు, వినినకొలది మనస్సులో ఒక వెలితిని పెంచుకొనుచుండిన ఆ గృహస్థునకు ఒక సిద్ధుడు వచ్చి కాళ్లకు పసరు పూసినాడు. ప్రవరుడు హిమాలయమునకు పోయినాడు. చూడవలసిన వింతలెల్ల చూచినాడు. మధ్యాహ్నకృత్యములు తప్పునని తలచి ఇంటికి మరలబోవునప్పటికి మంచునీట పసరు కాస్త కరగిపోయి ఉన్నది.

ఇచట మంచునకు ప్రవరుని మనస్సుతో పని లేదు. మంచు గనుక అది కరగినది, పసరును కరగించినది. అయినను, ఆ మంచుమీద, ఆ పూట, ఆ పసరుతో అడుగు పెట్టుటకు ప్రవరుడు తప్ప మరియొకడు తగడు. తీర్థములు చూడవలెనను కోరిక లేనివాడు పసరు పూయించుకొనడు. అగ్నిహోత్రము లేనివాడు సాయంకాలమునకు ఇల్లు చేరలేకపోయితినని అంత తల్లడిల్లడు. ఇంటనున్న అగ్ని ఒకవైపును, కంటనున్న కొండ ఒకవైపును లాగుచుండగా నలుగుచున్న మనిషిని పెద్దన ఎత్తి మంచుమీద నిలిపినాడు. తక్కిన పని మంచు చూచుకొన్నది.

ప్రధానపాత్ర లోని చిక్కునకును, దాని చుట్టును నడచు కథకును సంబంధ మెట్టిదను ప్రశ్న సాహిత్యశాస్త్రమంత పాతది. లోని చిక్కే కథకు తల్లి యనువారు కలరు. కథయే ప్రధానము, మనస్సు దానిపై పూత యనువారు కలరు. రెండును ఏకకాలమున ప్రవహించు రెండు పాయలనియు, గ్రంథాంతమున సంగమించిన చాలుననియు చెప్పి ఊరకుండువారును కలరు. ఈ మూడు మాటలును కొంతవరకు నిజములే. కాని నాకు తోచున దేమనగా, వెలుపలి కథకు తనదైన హేతువొకటి ఉండవలెను, ఆ హేతువు నాయకుని మనస్సునకు లొంగకుండవలెను, లొంగని ఆ హేతువు చేతిలో చిక్కుకొనుటకు మాత్రము ఈ నాయకుడే తగినవాడై ఉండవలెను. వెలుపలిది లోపలిదానికి అద్దమైనచో కథ పలుచనగును, ఒరగల్లైనచో చిక్కనగును.

అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున ఇతివృత్తమే విషాదనాటకమునకు ప్రాణమనియు, శీలము దాని వెనుకనే వచ్చుననియు నిర్ణయించెను. నాయకుని పతనమునకు హేతువుగా ఆయన చెప్పిన హమార్షియా యను మాటను తరువాతి కాలపువారు శీలదోషమని వ్యాఖ్యానించి, ప్రతి నాయకునిలోను ఒక గుణలోపమును వెదకి పట్టుకొను అలవాటు చేసికొనిరి గాని, మూలమున ఆ మాటకు పొరపాటు, గురి తప్పుట యను అర్థమే దగ్గర. ఈడిపసు కథ చూడుడు. తీబ్సు నగరపు మహమ్మారికి కారణము వెదకువాడే ఆ కారణము. తెలిసికొనవలెనను పట్టుదల అతనిలో లేకున్నచో నాటకమే నడవదు. కాని మూడు త్రోవల కూడలిలో వృద్ధుని చంపిన పని అంతకు ఎన్నియో యేండ్ల ముందే జరిగిపోయినది. అది ఎప్పుడో జరిగి గట్టిపడిన రాయి. దాని నతడు నేడు తన గుణముచేతనే త్రవ్వుకొని పైకి తెచ్చుకొనుచున్నాడు.

మన ఆలంకారికులు ఈ విషయమును మరియొక త్రోవన పట్టుకొనిరి. బీజము, బిందువు, పతాక, ప్రకరి, కార్యము అను అయిదు అర్థప్రకృతులు కథాసామగ్రికి సంబంధించినవి. ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను అయిదు అవస్థలు ఫలమును కోరి పూనుకొన్నవాని పనికి సంబంధించినవి. ఈ రెండు వరుసలును కలియుటచేత ముఖము మొదలు నిర్వహణము వరకు గల అయిదు సంధులు పుట్టునని దశరూపకమున ధనంజయుడు చెప్పెను. సంధి యనగా అతుకు. కథ యొకవైపు, కోరువాడొకవైపు, రెంటి అతుకే నాటకమని చెప్పిన ఈ మాట లోతైనది. కాని లెక్క మరీ చక్కగా కుదిరినచోట నాకు సందేహము కలుగును: పతాక లేని నాటకములు కలవని వారే యొప్పుకొనిన పిమ్మట, అయిదింటికి అయిదు జోడించుట ఎట్లు? ఇంతకును, వారి నాయకునకు కావలసినది ఫలము. ధీరోదాత్తుడైనను ధీరలలితుడైనను వాని స్వభావము మొదటనే స్థిరపడి ఉండును. కథ దానిని ప్రకటించును గాని మార్చదు. తనకేమి కావలెనో తనకే తెలియని నాయకుని వారు ఊహింపలేదని అనను. అట్టివానికి వారి పట్టికలో గది లేదు.

శాకుంతలమున కాళిదాసు చేసిన మార్పును ఈ దృష్టితో చూచిన మంచి పాఠము దొరకును. వ్యాసభారతమున దుష్యంతునకు శకుంతల గుర్తు లేకపోలేదు. నిండుసభలో ఎరిగియు ఎరుగనన్నాడు. లోకులు నమ్మరను భయము వానిచేత ఆ మాట అనిపించినది. ఆకాశవాణి పలికిన పిమ్మట గాని ఒప్పుకొనలేదు. నన్నయ భట్టారకుడును ఆదిపర్వమున ఆ కథను అట్లే నిలిపెను. ఇచట చిక్కంతయు రాజు మనస్సులోనిది. కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును తెచ్చిపెట్టి, రాజు దోషమును రాజు నుండి ఊడదీసి వెలుపల పెట్టినాడు. నాయకుడు నిర్దోషి యైనాడు, నాటకము మధురమైనది. కాని సభలో శకుంతల యెదుట నిలిచిన ఆ పిరికి రాజు మనకు దక్కకుండపోయినాడు. అయినను కాళిదాసు కాళిదాసే గదా! శాపము ఊరక పడలేదు. భర్తను తలచుకొనుచు వాకిటి అతిథిని గమనింపని పరధ్యానముచేత పడినది. రాజునుండి తీసిన సమస్యలో ఒక పాలు శకుంతల ఒడిలో పడినది. దుర్వాసుని కోపము దుర్వాసునిదే. దానికి గురియగుటకు మాత్రము ఆ క్షణమున ఆ పిల్లయే కావలెను. నన్నయ చెప్పిన కథలో రాజును, కాళిదాసు నాటకమున శకుంతలను నేను ప్రధానపాత్రలుగా చదువుకొందును. పేరెవరిదైనను, చిక్కున్నచోటనే ప్రాధాన్యము.

కురుక్షేత్రమున అర్జునుని విషాదము వేరొక తీరు. పదునెనిమిది అక్షౌహిణులు కదలి వచ్చి నిలిచిన పిమ్మట, శంఖములు మ్రోగిన పిమ్మట, ఒక్కని మనస్సు కొరకు కథ యంతయు ఆగినది. లోని ప్రశ్న ఎంత పెద్దదైన వెలుపలి కథ అంతసేపు ఆగవలెనను సాహసము వ్యాసునికే చెల్లినది. మన తిక్కన సోమయాజి ఆ ఘట్టమును కొద్ది పద్యములతో దాటించివేసెను. దీనికి పండితులు పలు కారణములు చెప్పుదురు. నా ఊహ మాత్రము వేరు: తిక్కన నాటకీయదృష్టి గల కవి, బాణము తీయబోయిన చేయి వణకుట ఆయనకు చాలును, వణకినదాని భాష్యము ఆయనకు అక్కరలేదు. తప్పైన తప్పే యగుగాక.

పాశ్చాత్యులలో ఈ వివాదము హామ్లెట్టు చుట్టును తిరిగినంతగా మరి దేని చుట్టును తిరుగలేదు. తండ్రిని చంపినవానిని చంపవలెనని తెలిసియు ఆ రాకుమారుడేల ఆలసించుచున్నాడు? 1904లో బ్రాడ్లీ ఆలసించుటకు మూలమును పాత్ర మనస్సులో, ఆవరించిన నిర్వేదములో వెదకి, శీలమే విధియని చెప్పదగినంత దూరము పోయెను. 1919లో ఎలియట్టు ఆ నాటకమే విఫలమైనదనెను: తల్లి విషయమై హామ్లెట్టు పడు వేదన నాటకములోని సంఘటనల కంటె పెద్దదనియు, ఆ వేదనకు తగిన వస్తురూపము వెలుపల దొరకలేదనియు ఆయన ఆక్షేపణ. బ్రాడ్లీ లోపలిదానికి కథను అప్పగించినాడు. ఎలియట్టు లోపలిదానికి సరితూగు కథ కావలెనని తూనిక పట్టినాడు. ఇద్దరును తూనికనే మాటాడిరి. కథ మనస్సును ఎదిరించవలసిన దను మాట ఇద్దరిలో ఎవరికిని తోచకపోవుట వింత.

ఆ మాట దస్తయెవ్‌స్కీకి తోచినది. 1866లో వెలువడిన ‘నేరము – శిక్ష’ నవలలో రస్కోల్నికోవునకు ఒక సిద్ధాంతము కలదు. లోకమున అసాధారణులకు హద్దులు లేవనియు, వడ్డీవ్యాపారము చేయు ఒక ముసలిదానిని తొలగించుట పాపము కాదనియు లెక్క వేసికొన్నాడు. ఆమె చెల్లెలు లిజవేత ఇంట ఉండని వేళ తెలిసికొని పోయినాడు. లిజవేత అనుకొన్న వేళకు ముందే ఇల్లు చేరినది. అంతే. ఆమె సిద్ధాంతములో లేదు. ఎవరికిని అపకారము చేసినది కాదు. ఆమెను చంపుటకు లెక్కలో చోటు లేదు. గొడ్డలి ఆమెమీద కూడ పడినది. ఆ పేజీ నుండి నవల నడచుట సిద్ధాంతముమీద కాదు, సిద్ధాంతమునకు మిగులుగా వచ్చి పడిన ఆ దేహముమీద.

ఇచట ఒక చిన్న ముచ్చట. కొన్నియేండ్ల క్రిందట ఒక యువకుడు తన నవల వ్రాతప్రతిని చూడుమని తెచ్చినాడు. నాయకునకు నీరన్న భయము; చిన్నతనమున తమ్ముడు మునిగిపోయినాడు. చివరి ప్రకరణమున గోదావరికి వరద వచ్చును, ఒక బిడ్డ కొట్టుకొనిపోవుచుండును, నాయకుడు దూకి రక్షించి తానును రక్షింపబడును. సినిమాకథలు వ్రాయుట నేర్పు పుస్తకములు నాలుగైదు చదివి, నాయకునికి లోపలి గాయమొకటి, వెలుపలి కోరిక యొకటి ఉండవలెనని, రెండును చివర ఒక్క దెబ్బతో తీరవలెనని నేర్చుకొని వచ్చినాడు. "బాబూ, గోదావరికి మీ నాయకుని జబ్బుతో ఏమి పని? ఆమెకు శ్రావణమున పొంగుట అలవాటు గాని, మనవారి మందు వేళకు పొంగుట అలవాటు లేదు" అన్నాను. నొచ్చుకొన్నాడు. తరువాత ఆ వరదను నవల నడుమకు తెచ్చి, ఆ రోజున నాయకుడు దూకలేక గట్టున నిలిచిపోయినట్లు తిరుగ వ్రాసినాడని విన్నాను. చదువ లేదు; చదువవలెనని ఉన్నది.

తెలుగు నవల పుట్టుక నుండియు ఈ అతుకు కొరకే తడవుకొన్నది. 1878లో ప్రకటింపబడ మొదలిడిన కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రమున ధవళేశ్వరపు రాజశేఖరుడు సజ్జనుడు, ధనికుడు, ముఖస్తుతికి లొంగువాడు, జాతకములను, బైరాగులను నమ్మువాడు. పొగడుటకు చేరినవారు తినిపోయిరి, బంగారము చేసెదనన్న బైరాగి ఇంటి బంగారముతో మాయమైనాడు. గుణము కథను కన్నది, ఎంత చక్కగా! కాని కుటుంబము ఇల్లు వదలి దారి పట్టిన పిమ్మట, కథ యాదృచ్ఛికముల వెంట పరుగెత్తి, నాయకుని గుణమును ఎచటనో సత్రములో మరచిపోయినట్లుండును. గోల్డుస్మిత్తు నవల ఛాయ ఉన్నదనుట సరియే గాని, ఈ లోపము ఛాయది కాదు, ఆ కాలపు ఉపదేశోత్సాహముది.

మాలపల్లిని, వేయిపడగలను ఈ చర్చలో ఒక్కచోట పెట్టుట కొందరికి వింతగా తోచవచ్చును. ఉన్నవవారు చెరలో వ్రాసిన నవలయందు రామదాసు శాంతుడు, వేదాంతి. అతనిలో తెగని చిక్కు లేదు. చిక్కు ఊరిలో ఉన్నది. అది అతని కొడుకులను ఒక్కొక్కని మింగినకొలది అతని శాంతికి ఎంత మూల్యమగుచున్నదో పాఠకుడు లెక్కించుకొనును. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును అడవి బాపిరాజుగారి నారాయణరావుతో పంచుకొన్న విశ్వనాథవారి బృహద్గ్రంథమునను ధర్మారావునకు సంశయము లేదు. సుబ్బన్నపేటకు వ్యాధి ఉన్నది. పడగ వెంట పడగ పోవుచున్నది, ధర్మారావు చూచుచున్నాడు. నాయకుని లోనిదే ఊరియందు, ఊరిదే సర్పమునందు కనబడవలెనని రచయిత సంకల్పము; ఆ మహాసంకల్పమునకు నమస్కరించుచునే, అచట లోకము మరీ విధేయముగా ధర్మారావు దుఃఖము వెంట నడచినదనియు, రామదాసు ఊరు అట్లు నడవలేదనియు చెప్పకతప్పదు.

లోపలి సమస్యనే పట్టుకొని వ్రాసిన నవలలు 1940ల నడుమ వచ్చినవి. గోపీచందుగారి అసమర్థుని జీవయాత్రలో సీతారామారావునకు తండ్రి వంశప్రతిష్ఠను అప్పగించి పోయినాడు; ఆ ప్రతిష్ఠ తన మంచితనమా, తన అహంకారమా యను విచికిత్స వానిని తినివేసినది. ఆస్తి పోవుట, ఉద్యోగము నిలువకపోవుట, ఇంటిలో భార్యతో పడకపోవుట, అన్నియు ఆ ఒక్క విచికిత్స జారిన పల్లము వెంటనే జారినవి. పాఠకునకు ఊపిరాడదు. అదే ఆ నవల బలము, అదే బలహీనత. రామయ్య తాత వంటి మరియొక మనిషి వచ్చి నాలుగు మాటలు చెప్పినపుడు గాని, సీతారామారావు తలకు వెలుపల కూడ పొలములు పండుచున్నవని మనకు జ్ఞప్తికి రాదు. శ్మశానమునకు పోవు దారి ఎంత నిర్దయగా తిన్ననిదో చూడుడు: ఒక్క మలుపైన వాని నాపదు. 1953 నాటి దేవదాసు చిత్రము చూచి కంటతడి పెట్టిన మన ప్రేక్షకులకు ఇట్టి తిన్నని దారి అలవాటే. కాని అచట తండ్రి గట్టివాడు, పార్వతి ఇంటి గేటు గట్టిది.

బుచ్చిబాబుగారు షేక్స్పియరును జీవితమంతయు చదువుకొన్నవారు, ఆయనపై విమర్శగ్రంథము వ్రాసినవారు. వారి ‘చివరకు మిగిలేది’ లో దయానిధి హామ్లెట్టునకు దూరపు చుట్టము: తల్లినిగూర్చి లోకులాడిన మాట వాని జీవితమున ప్రతి గుమ్మముకడను ముందుగా వచ్చి నిలుచును. ఎలియట్టు తూనికకు ఇచట పెట్టిచూచిన కాటా చక్కగా తూగును; ఎందుకనగా తల్లి మాట దయానిధి మనస్సులో మాత్రమే లేదు, ఊరి నోటిలో ఉన్నది. ఊరి నోరు వాని చికిత్స కొరకు మూతపడదు. కోమలి, అమృతము, ఇందిర, ఒక్కొక్కరు తమ తమ బ్రదుకుల తొందరలతో వచ్చి పోవుచుందురు గాని, వాని ప్రశ్నకు జవాబులుగా పుట్టినవారు కారు. అమృతము వేరొకని ఇల్లాలు, దానికి ఆమె లెక్కలు ఆమెకున్నవి. రాయలసీమలో వజ్రము దొరకుట నమ్మదగినదా యని అడిగినవారు కలరు. దొరకకేమి, వజ్రకరూరు ప్రాంతపు నేలలో వానలకు వజ్రములు పైకి తేలునని వెదకువారు నేటికిని ఉన్నారు! అంతకంటె ముఖ్యమైనది, ఆ వజ్రము దయానిధి చిక్కును ఇసుమంతయు విప్పలేదు. ధనము వచ్చినది, పేరు వచ్చినది, పరప్రాంతీయుడను ద్వేషమును వచ్చినది. పాత మాట పోలేదు. వెలుపలి కథ ఇంత ఉదారముగా ఇచ్చియు లోపలిదానిని తాకలేకపోవుటను చూపుట కొరకు రచయితకు ఏదో యొక అదృష్టము కావలెను. నేల నుండి తీసినాడు.

రావిశాస్త్రిగారి అల్పజీవి వీటన్నిటికంటె చిన్న పుస్తకము. సుబ్బయ్య గుమాస్తా, వానికి భయము. దేనిమీదనని అడిగిన చెప్పలేడు: ఇంటిలో భయము, కార్యాలయమున భయము, వీధిలో భయము. ఇంతవరకు ఇది మనస్తత్త్వము. కాంట్రాక్టరు గవరయ్య వద్ద డబ్బు తెచ్చుకొన్న మరుక్షణమున ఇది కథ యైనది. గవరయ్యకు సుబ్బయ్య ఆత్మతో పేచీ లేదు. తన బిల్లులు కదలవలెను, తన డబ్బు వసూలు కావలెను. అతడు మంచు వంటివాడు. అప్పునకు తన గణితము తనకున్నది, అది భయస్థుని కనికరింపదు, ధైర్యవంతుని గౌరవింపదు. అయినను ఆ అప్పు ఆ విధముగా కోరలు చాచుటకు సుబ్బయ్యయే కావలెను. మరియొకడైనచో గవరయ్యను నాలుగు మాటలాడి పంపివేసి ఇంటికి పోయి అన్నము తినును. ఈ చిన్న పుస్తకమును, మన భాషలో ఈ అతుకు కనబడకుండ పడిన రచనలలో మొదటి వరుసన పెట్టుదును. 1969లో వచ్చిన నవీను అంపశయ్య ఉస్మానియా విద్యార్థి యొకని ఒక్క దినమునకు కథను కుదించి, వెలుపలిదానిని దాదాపు మాయము చేసినది. అదియు గొప్ప ప్రయోగమే. కాని అందును గడియారము ఆగలేదు, పరీక్షలు దగ్గరపడుచునే ఉన్నవి.

ఇక మరల మంచుకొండకు పోదము. ప్రవరుడు అచట తన్ను వలచిన అప్సరస వరూధినిని త్రోసి, తాను నిత్యము కొలిచిన అగ్నినే వేడి, ఆ అగ్ని దయచేతనే ఇల్లు చేరినాడు. ఏ నిప్పు తన్ను గడపకు కట్టివేసినదో ఆ నిప్పే గడపకు చేర్చినది. వాని చిక్కు తీరినది. ఆశ్వాసము లింకను మిగిలి ఉన్నవి, మనువు పుట్టవలసి ఉన్నది, నాయకుడేమో ఇంటిలో సాయంకాలపు హోమము చేసికొనుచున్నాడు! కథను మోసినది అప్పుడు వరూధిని. ఆమెను కోరి ఇదివరకు భంగపడిన గంధర్వుడు ప్రవరుని రూపు తాల్చి వచ్చి, కలయికవేళ కన్నులు మూసికొనవలెనని మాట తీసికొన్నాడు. ఆమె మూసిన కన్నుల వెనుక ఉన్నది అగ్నితేజము గల ఆ బ్రాహ్మణుడే. ఆ తలపు తేజమే కడుపున పడి స్వరోచి పుట్టినాడు, స్వరోచి కొడుకు మనువైనాడు. ఇన్ని ఆశ్వాసముల వంశకథ ఒక స్త్రీ మనస్సులోని బొమ్మమీద నిలిచినది. వచ్చినవాడు మాత్రము వేరొకడు, వాని కోరిక వానిది, వాని మోసము వానిది. వరూధిని కన్నులు తెరచిన పిమ్మటను ఆ సంగతి ఎరుగదు.